అందలం ఎక్కేవాళ్ల సర్వర్

నాచారంలో ఈమధ్య మహారాజుల జనాభా విపరీతంగా పెరిగింది. ఇండస్ట్రియల్ ఏరియా వెనకవైపు ఒక్క బాయ్స్ హాస్టల్లోనే ఓ గణపతిదేవుడు, ఇద్దరు ప్రతాపరుద్రులు అద్దెకుంటున్నారు. ఇద్దరెందుకంటే, సింహాసనం ఎవరిదన్న పంచాయతీ ఇంకా తెగలేదు. పగలంతా మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. రాత్రి పదకొండు దాటాక హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కాకతీయ సామ్రాజ్యం ఏలతారు. మైన్‌క్రాఫ్ట్‌లో ఓరుగల్లు కోట కట్టారు మరి. చరిత్రను బతికిస్తున్నారట.

ఆ సామ్రాజ్యాన్ని దర్శించుకునే భాగ్యం నాకూ దక్కింది. కీర్తి తోరణం ఉంది. దాని మీది హంసలు మాత్రం నిలబెట్టిన ఇటుకల్లా ఉన్నాయి. కోట పక్కన పెద్ద చెరువు. కాకతీయులంటే చెరువులే కదా: పాకాల, రామప్ప, లక్నవరం. "తవ్వడానికి ఎన్నాళ్లు పట్టింది నాయనా?" అన్నాను. "తవ్వుడేంది అంకుల్, ఫిల్ కమాండ్ కొడితే నీళ్లు నిండుతయ్" అన్నాడు గణపతిదేవ చక్రవర్తి. సరిగ్గా అప్పుడే కింద నుంచి వార్డెన్ కేక వినిపించింది. ట్యాంకర్ రాలేదు, పొద్దున స్నానాలు ఎవరి అదృష్టం వాళ్లది అని. చక్రవర్తి బకెట్ పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాడు.

కోటంతా కట్టడానికి రెండు వీకెండ్లు సరిపోయాయట. అసలు ఓరుగల్లు వైపు లెక్క వేరు. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. దాని కల్యాణ మండపాన్ని బాగుచేద్దామని పురావస్తు శాఖ 2006లో రాయీ రాయీ విప్పింది. మళ్లీ నిలబెట్టి జనాన్ని రానిచ్చింది 2024లో. ఆ గుడికి ఇక్కణ్నుంచి వెళ్లాలంటే ఉప్పల్ దాటాలి. రింగ్ రోడ్డు దాటగానే వరసగా స్తంభాలు ఎదురవుతాయి, పైన కప్పు లేకుండా. కొత్తగా వచ్చినవాళ్లు గుడి ఒకప్పుడు ఇక్కడిదాకా ఉండేదేమో అనుకుంటే తప్పు వాళ్లది కాదు. నారపల్లి దాకా ఫ్లైఓవర్ అంటూ 2018లో మొదలుపెట్టి, ఏళ్లకేళ్లు గాలికొదిలేసిన పిల్లర్లవి. శిథిలాల కోసం కాకతీయుల దాకా పోనక్కర్లేదు. మనవాళ్లు నేరుగా శిథిలాలే కట్టగలరు.

కట్టడాల సంగతి అటుంచండి. నన్ను హడలగొట్టింది జనాభా లెక్క.

"నీ రాజ్యంలో ఎవరెవరున్నారు?"

"రాజు, యువరాజు, మహామంత్రి, సేనాపతులు తొమ్మిదిమంది, మహాసామంతులు పదకొండుమంది."

"సైనికులు?"

"బాట్లు, అంకుల్."

"రైతులు?"

"విలేజర్లుంటరు. వాళ్లు గేమ్‌లోనే వస్తరు. ఆ రోల్ మనుషులెవరు ఆడతరు?"

ఆ విలేజర్లను చూశాను. ముక్కుతో మూలగడం తప్ప మాట్లాడరు. ధర్నా చేయరు, వలస పోరు, ఓటు అడగరు. ఏ పాలకుడైనా మొక్కుకుని కోరుకునే ప్రజలు. పన్నుల ప్రస్తావన కూడా లేదక్కడ. అసలు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల సరుకు లాక్కోనని, నిర్ణయించిన సుంకం తప్ప తీసుకోనని వర్తకులకు అభయమిచ్చాడు. మన గణపతిదేవుడికి సుంకమంటే తెలిసింది ఒక్కటే, నెలాఖరున జీతంలో కోసుకునే టీడీఎస్.

విచిత్రం చూడండి. ఇదే కుర్రాళ్లు గ్రాండ్ థెఫ్ట్ ఆటో రోల్‌ప్లేలోకి పోతే బుద్ధిగా మెకానిక్కులవుతారు, టాక్సీ నడుపుతారు, అంబులెన్స్ వేసుకుని అర్ధరాత్రి ఎవడో రోడ్డున పడితే లేపడానికి పోతారు. ఆ కష్టమంతా తెలుగులో లైవ్ పెడితే కూర్చుని చూసే జనమూ ఉన్నారు. ఈ కాలంలో కష్టజీవిగా నటించడానికి ఎవరికీ నామోషీ లేదు. ఏడెనిమిది వందల ఏళ్లు వెనక్కి పంపితే మాత్రం ఒక్కడూ గుర్రం దిగడు. తాత ముత్తాతల్లో నాగలి పట్టినవాడు, కుండ చేసినవాడు, బట్ట నేసినవాడు ఒక్కడూ లేనట్టు, మనమంతా అంతఃపురాల్లోంచి నేరుగా ఐటీ పార్కుల్లోకి నడిచొచ్చినట్టు.

సెకండ్ లైఫ్ అని ఓ ఆన్‌లైన్ లోకం 2003లో మొదలైంది. అందులో కొందరు 2009లో 1920ల నాటి బెర్లిన్ కట్టుకున్నారు. ఆ కాలపు బట్టలు తొడుక్కుంటేనే ఊళ్లో తిరగనిస్తారు. అక్కడ కైజరు లేడు. ఇరుకు గదులు, చౌక బార్లు, చేతిలో చిల్లర లేని జనం. ఆ ఇరుకు గదికి అద్దె కట్టి మరీ దిగుతారు. ఆఫీసు నుంచి వచ్చి పేదవాడిగా బతకడానికి ఎదురు డబ్బివ్వడమేంటని మా హాస్టల్ సామంతులు పడీ పడీ నవ్వారు. నాకైతే నవ్వు రాలేదు, అసూయ కలిగింది.

పాత కాలాన్ని తయారుచేసే వ్యాపారం నాచారానికి కొత్తేమీ కాదు. ఎన్టీ రామారావుగారి రామకృష్ణా స్టూడియో ఇక్కడే. 1977 నాటి 'దానవీరశూరకర్ణ'లో దుర్యోధనుడు ఆయనే, కర్ణుడు ఆయనే, కృష్ణుడు ఆయనే, దర్శకుడూ ఆయనే. ఒక్క మనిషే మూడు కిరీటాలు పెట్టుకున్నా, సభలో బల్లెం పట్టుకుని నిలబడడానికి మాత్రం మనుషులే కావలసి వచ్చారు. జూనియర్ ఆర్టిస్టుకి ఓ కాల్‌షీటు, ఓ బత్తా, ఆకలేస్తే భోజనం అన్నవి సినిమావాళ్లు ఎరిగిన లెక్కలు. అట్ట కిరీటాల యుగం ఆ మాత్రం మర్యాద పాటించింది.

సర్వర్‌లో నిజమైన యుద్ధం జరిగింది ఒక్కసారే. కాకతీయులు ఎవరివాళ్లు? శాసనాల్లో చాలావరకు వాళ్లు చతుర్థ కులమని ఉంటుంది, కొన్నిట్లో సూర్యవంశమని ఉంటుంది. మన ప్రతాపరుద్రులు ఆ రెండూ చదవకుండా ఇంటిపేర్లు చూసి తేల్చేశారు. ఓడిన వర్గం అలిగి వేరే సర్వర్ పెట్టుకుంది. చరిత్రను ఉన్నదున్నట్టు దింపింది ఆ ఒక్క ఘట్టంలోనే అని ఒప్పుకోవాలి.

నేనూ ఊరుకోలేక ఓ పేరు సిఫారసు చేశాను: పువ్వుల ముమ్మడి. రుద్రమదేవి ఎప్పుడు పోయిందో ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే ఇతని పుణ్యమే. ఆమె సేనాని మల్లికార్జున నాయకుడి కొలువులో మనిషి. నల్గొండ వైపు చందుపట్లలో 1289 నవంబరులో శాసనం వేయించాడు. రాణీ, సేనానీ శివలోకం చేరారని చెప్పి, వాళ్ల పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడు. మహారాణి మరణవార్త మనకు అందింది ఏ ఆస్థాన కవి కావ్యంలోంచో కాదు, ఇతను నిలబెట్టిన రాయి మీంచి.

"ఆయన పవర్ ఏంది అంకుల్?" అన్నాడు చక్రవర్తి.

"పవర్ ఏమీ లేదు. కొలువు చేశాడు, రాయి నిలబెట్టాడు."

రాజ్యంలో దీనిమీద పెద్ద చర్చే నడిచిందట. చివరికి గణపతిదేవుడే ఫోన్ చేసి శుభవార్త చెప్పాడు. "ముమ్మడిని తీస్కున్నం అంకుల్. పన్నెండో మహాసామంతుడు. తెల్ల గుర్రం కూడ ఇచ్చినం."