ఆరోగ్య పుత్రరత్నం

ఆదివారం పొద్దున పది దాటాక హైదరాబాద్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా ఇతను కనిపిస్తాడు. నలభై దాటిన వయసు, నిక్కరు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. ట్రాలీ తోసుకుంటూ ముందు నడుస్తుంటాడు. నాలుగడుగుల వెనక, మడిచిన గుడ్డసంచి చంకలో పెట్టుకుని ఒక పెద్దాయన. కొడుకు తండ్రిని బజారుకు తెచ్చాడని చూసినవాళ్లు మురిసిపోతారు. నిజానికి అతను తెచ్చింది తండ్రి బ్లడ్ రిపోర్టును. తండ్రి దానికి తోడుగా వచ్చాడు.

ఈ పుత్రరత్నం పుట్టేది ఆ రిపోర్టు వచ్చిన రోజునే. అంతదాకా నాన్న ఇడ్లీ తిన్నాడా, ఉపవాసం ఉన్నాడా అని అడగని మనిషి, షుగర్ అంకె నల్లగా అచ్చై కనబడేసరికి ఉలిక్కిపడి లేస్తాడు. ఆ రాత్రంతా వీడియోలు చూస్తాడు. తెల్లారేసరికి డాక్టరుకు తెలియనివి కూడా తెలిసిపోయి ఉంటాయి.

బిస్కెట్ల అర దగ్గర అతని విద్య చూడాలి. పొట్లం మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటే సగం నమ్ముతాడు, 'రాగి' అని రాసి ఉంటే పూర్తిగా నమ్ముతాడు. పొట్లం ముందువైపు అమ్మేవాడు రాసుకున్నది, వెనకవైపు చట్టం రాయించింది అన్న సంగతి అతనికి ఎవరూ వీడియో తీసి చెప్పలేదు. ఏది ఎక్కువ వేస్తే అది ముందు, ఏది తక్కువైతే అది వెనక, ఆ వరసలోనే దినుసులు అచ్చు వేయాలని మన దేశంలో నిబంధన. మా పక్కింటి పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు, అనంతపురం వైపు మనిషి. ఓసారి కొడుకుతో అన్నాడు, "ఆ వెనకాల ఏముందో రోంత చదువురా, నాకు ఆ అక్షరాలు ఆనడం లేదు." కొడుకు గట్టిగానే మొదలుపెట్టాడు. మైదా అన్నాడు. చక్కెర అన్నాడు. పామాయిల్ దగ్గర గొంతు కాస్త తగ్గింది. రాగుల దాకా వచ్చేసరికి పక్కనున్న నాకు కూడా వినపడలేదు.

ఉప్పు విషయంలో మాత్రం అతన్ని తప్పు పట్టలేం. రోజుకు 5 గ్రాముల లోపే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందంటాడు, నిజమే. పొట్లం మీద రాసేది సోడియం, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు అంటాడు, అదీ నిజమే. ఆ హెచ్చవేత పూర్తయ్యాక చిప్స్, సూప్ పొడి, నూడుల్స్ అన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. ఇంట్లో ఆవకాయ జాడీకి మాత్రం లేబుల్ లేదు. కాబట్టి దాన్ని ఏ లెక్కా అంటదు. పైగా ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ అమ్మ చేత ఓ సీసాలో పెట్టించుకుంటాడు.

నవ్వుకోలేని సంగతి కూడా ఒకటుంది. సోడియం తక్కువ ఉన్న ఉప్పంటూ ఖరీదైన పొట్లం తెచ్చి వంటింట్లో మారుస్తాడు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడ్. చాలామందికి అది మంచిదే. కిడ్నీ సరిగా లేనివాళ్లకూ, ఒంట్లో పొటాషియం పెంచే కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకూ డాక్టరును అడగకుండా అది పనికిరాదు. నాన్న ఏ మాత్రలు వేసుకుంటున్నాడో మన పుత్రరత్నానికి తెలియదు. ఆ మాత్రల డబ్బా టీవీ పక్కనే ఉంటుంది.

ఇక చిరుధాన్యాలు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుంచీ ఆ అర పొడవు పెరిగింది. కొర్రలు, సామలు, అరికలు, ఊదలు అద్దాల్లాంటి సంచుల్లో మెరుస్తుంటాయి. కొడుకు కిలో కొర్రల పొట్లం ఎత్తి, వీటిని ఎలా తినాలో తండ్రికి బోధించడం మొదలుపెట్టాడు. మాస్టారు అంతా విని, "నా చిన్నప్పుడు మూడు పూటలా అదేరా. అది తినలేకనే గదా మా నాయన అప్పు చేసి బావి తవ్వించి వరి పెట్టింది," అన్నాడు. తర్వాత ధర చూసి, "మా నాయన ఆ చేను ఉంచుకోవాల్సింది," అన్నాడు.

ట్రాలీలో అప్పటికి క్వినోవా, మ్యూస్లీ, ప్రొటీన్ బార్లు చేరి ఉంటాయి. ఆ బార్ కొరకాలంటే సొంత పళ్లుండాలి. కట్టుడు పళ్లవాడికి కావలసిన ప్రొటీన్ కందిపప్పులో, గుడ్డులో, పెరుగులో మెత్తగా దొరుకుతుంది. కాకపోతే వాటి గురించి గడియారం చూసుకుంటూ ఉపన్యాసం చెప్పడానికి ఏముంటుంది?

ఇతన్ని రైతుబజారుకు తీసుకెళ్తే తేలిపోతాడు. 1999లో మొదలైన ఆ బజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి గానీ తోటకూర కట్టకు బార్‌కోడ్ ఉండదు. ఫోన్ పట్టుకుని దిక్కులు చూస్తాడు. అప్పుడు మాస్టారు ముందుకొస్తాడు. బెండకాయ కొస విరిచి చూస్తాడు, సొరకాయ మీద గోరు గుచ్చుతాడు, కూరలమ్మే అమ్మాయి కేకలేస్తే నవ్వేసి పక్కకు జరుగుతాడు. సంచి నిండేసరికి వారానికి సరిపడా ఆకుకూరలు, కాయగూరలు, జామకాయలు. సూపర్‌మార్కెట్ బిల్లులో పావు వంతైనా అయి ఉండదు.

అలాగని మనలాంటి పెద్దవాళ్లం ఈ పుత్రరత్నాన్ని విసుక్కోకూడదు. అతను రావడం మానేస్తే బియ్యం బస్తా మెట్లెక్కించేవాడు ఉండడు. వచ్చే ఆదివారం మీరు ఏం నమలగలరో, ఏం వండుకోగలరో ముందే కాగితం మీద రాసి అతని చేతిలో పెట్టండి. మందుల చీటీ కూడా జేబులో పెట్టుకోండి. ప్రతి పొట్లం వెనకవైపు అతని చేత పైకి చదివించండి, ఆ పనికి అతని కళ్లే కావాలి. చివరిదాకా చదివాడని నమ్మకం కుదిరాకే ఆవకాయ సీసా ఇవ్వండి.