బ్రిడ్జి మీద కేసు పెట్టండి

క్రికెట్ బోర్డు 2025 ఆగస్టులో ‘ఇకపై’ అన్నది. పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది కాబట్టి ఇకపై అలాంటి సంస్థలతో పొత్తు ఉండదట, ఆటగాళ్ల చొక్కా మీది డ్రీమ్11 పేరు తీసేస్తారట. మూడేళ్లకు 358 కోట్ల ఒప్పందం నడుమ, ఆసియా కప్పు ముంగిట్లో కలిగిన ఈ జ్ఞానోదయాన్ని దేశం మెచ్చుకున్నది. మెచ్చుకోవడానికి హైదరాబాద్‌లోని ఉప్పల్‌కు మాత్రం కాస్త ఇబ్బంది ఉంది. ఆ సంగతి తర్వాత. ప్రస్తుతం నా దిగులు వేరు. జూదం మీద దేశమంతా నడుం బిగించాక కూడా అసలు ముఠా ఒకటి దర్జాగా తిరుగుతున్నది. పేరు: భారత యువ బ్రిడ్జి జట్టు. వృత్తి: పేకాట. పదహారేళ్ల లోపువాళ్లు, ఇరవై ఒకటి లోపు, ఇరవై ఆరు లోపు, ముప్పై ఒకటి లోపు అని వయసును బట్టి శాఖలు. ప్రపంచ యువజన పోటీలు అనే ముసుగులో 2018లో చైనాలోని వూజియాంగ్‌లో, 2022లో ఇటలీలోని సాల్సోమాజోరెలో, 2023లో నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లో అంతర్జాతీయ శిబిరాలు. ఇలాంటి చోట్లకు మన పిల్లలు వెళ్లేది దొంగచాటుగా కాదు, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, టేబుల్ మీద మువ్వన్నెల జెండా పెట్టుకుని. వీళ్లను వెంటనే అరెస్టు చెయ్యాలి. ఎందుకో సాక్ష్యాలతో సహా చెబుతాను.

ముందు ఒక అపార్థం తొలగించాలి. ఉప్పల్‌లో నిలబడి బ్రిడ్జి మీద కేసు పెట్టండి అంటే జనమంతా నారపల్లి దిక్కు చూస్తారు. 2018లో మొదలై, ఏటేటా ఒక గడువు మింగుతూ స్తంభాలతో నిలబడ్డ ఆ ఫ్లైఓవర్ గురించి కాదు నేను అంటున్నది. అయినా పేక బ్రిడ్జిలో డమ్మీ అని ఒక ఆటగాడుంటాడు. తన పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచేసి, ఆ చేయి అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే అతని పని. ఆ లెక్కన వరంగల్ రోడ్డు మీది స్తంభాలు కూడా ఏదో పెద్ద ఆటలో భాగమే కావచ్చు. వాటి వాటాదారులెవరో ఇంకొక వారం చూద్దాం.

స్థావరం వర్ణన వినండి. ఒక్కో బల్ల చుట్టూ నలుగురు. యాభై రెండు ముక్కలు, మనిషికి పదమూడు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ప్రపంచ స్థాయి పోటీల్లో బల్ల మీదుగా కోణంలో ఒక తెర దించుతారు, జతగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. నోటితో మాట్లాడరు. ఒక డబ్బాలోంచి రాసి ఉన్న అట్టముక్కలు తీసి చూపిస్తారు. ఫోన్లు బయటే అప్పగించి రావాలి. ఏ నేరమూ చెయ్యనివాడికి తెరెందుకు, మౌనమెందుకు, ఫోను దాచడమెందుకు అని ఏ హోంగార్డుకైనా తోస్తుంది. పైగా సంకేత భాష. ఒకడు ‘నాలుగు నోట్రంప్’ అని చూపిస్తే తురుపు లేకుండా పది పట్లు పడతానని కాదట, నీ చేతిలో ఆసులెన్ని అని జతగాడిని అడుగుతున్నాడట. దీనికి బ్లాక్‌వుడ్ అని పేరు. ఇలాంటివి పుస్తకాల నిండా ఉన్నాయి. ఇంకా విడ్డూరం, ఈ సంకేతాలన్నిటినీ కాగితం మీద రాసి ఎదుటి జట్టుకు ముందే ఇవ్వాలి, అడిగితే అర్థం చెప్పాలి. దాచితే శిక్ష. తన గుట్టు తానే శత్రువు చేతిలో పెట్టే ముఠాను మన పోలీసు చరిత్ర ఎరగదు కాబట్టి, ఇందులో ఇంకేదో పెద్ద మతలబు ఉండి తీరాలి. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలో ఇద్దరు ఇటలీ ఆటగాళ్లు బల్ల కింద కాళ్లు తాకించుకుంటూ దొరికిపోయారు. అప్పటి నుంచి బల్ల కింద కూడా అడ్డు వచ్చింది. కాలి వేలు కదిలితే పట్టుకునే ఆటను ఆట అనగలమా? ఆట అన్నాక కొంచెం చూసీచూడనట్టు పోవాలి.

ఇక చట్టం. ఇక్కడ నాచారం నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు, సికింద్రాబాద్ దాకా వెళితే చాలు. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటుండేది. 1963లో పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. కేసు పెరిగి పెరిగి సుప్రీంకోర్టుకెక్కింది. 1967లో జస్టిస్ హిదాయతుల్లా తేల్చిందేమిటంటే, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది విడవాలో తెలియాలి, అందులో అదృష్టం పాలు ఉన్నా అది బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేపాటి అదృష్టమే. గమనించారా? రమ్మీ నిర్దోషిగా బయటపడింది తన మంచితనంతో కాదు, బ్రిడ్జి పక్కన నిలబడి. బ్రిడ్జి పెద్దమనిషి తరహా సాక్షి. రమ్మీ నాలాంటిదేనని పూచీ ఇచ్చింది, కోర్టు నమ్మింది. యాభై ఏళ్లు గడిచాయి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, రమ్మీలో కొంత నైపుణ్యం కొంత అదృష్టం కలగలిసి ఉన్నాయి కాబట్టి అది నైపుణ్యపు ఆట కానే కాదన్నది. ఆ తర్వాత చట్టం ఇంకా బిగిసి, నైపుణ్యం ఎంతున్నా సరే, తెలియని ఫలితం మీద పణం పెడితే జూదమే అయింది. మంచిదే. కానీ ముద్దాయి దోషి అని తేలినప్పుడు పూచీ ఇచ్చిన సాక్షిని ఊరికే వదిలేస్తారా? రెంటిలోనూ ఒకే రకం అదృష్టం ఉందని దేశంలోకెల్లా పెద్ద కోర్టు రాసిపెట్టింది. ఆ అదృష్టమే రమ్మీని ముంచినప్పుడు బ్రిడ్జి ఒడ్డున కూర్చుని చూడటం న్యాయం కాదు.

బ్రిడ్జి తరఫు వకీళ్లు లేస్తారని తెలుసు. మొదటి అభ్యంతరం: పోటీల్లో ఆడేది డూప్లికేట్ బ్రిడ్జి, అందులో ముక్కల అదృష్టమే లేదు. పంచిన నాలుగు చేతులనూ ఒక పలకలో నాలుగు అరలలో దాచి, అవే చేతులను రెండో గదిలో కూడా ఆడిస్తారు. ఒక గదిలో మన జంటకు మంచి ముక్కలు వస్తే, రెండో గదిలో అవే ముక్కలు ఎదుటి జట్టు జంటకు వస్తాయి. గెలుపు లెక్క ఆ రెండు బల్లల మధ్య తేడాతోనే. ‘ముక్కలు పడలేదండీ’ అని ఇంటికొచ్చి చెప్పే వీలు కూడా లేని ఆట. వినడానికి బాగుంది. కానీ దీన్ని బట్టి తేలేదేమిటి? ఒకే నేరాన్ని రెండు గదుల్లో, ఒకే ముక్కలతో, రెండుసార్లు చేస్తున్నారని. రెండో అభ్యంతరం: డబ్బు లేదు. మన చట్టంలో డబ్బు గానీ మరొకటి గానీ అని ఉంది. వీళ్లు పాయింట్లు పోగేస్తారు, వాటికి మాస్టర్ పాయింట్లని పేరు. మరొకటి అంటే ఇదే మరి. కేంద్రం కొత్త చట్టం డబ్బు పందేల ఆటలనే నిషేధించింది, పణం లేని ఆటల జోలికి రాలేదని ఎవరైనా గుర్తు చేస్తే, తెర మీద తుపాకులు పేల్చే ఈ-స్పోర్ట్స్‌ను అదే చట్టం ఆటగా గుర్తించిందని నేనూ గుర్తు చేస్తాను. తుపాకీ ఆటైంది, ఇస్పేటు ఆసు ఇంకా అనుమానితుల జాబితాలోనే ఉంది.

మూడో అభ్యంతరం పతకాలు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో అరవై ఏళ్ల ప్రణబ్ బర్ధన్, యాభై ఆరేళ్ల శిబ్‌నాథ్ సర్కార్ జంట బ్రిడ్జిలో స్వర్ణం తెచ్చింది. హాంగ్‌జౌ క్రీడల్లో పురుషుల జట్టు రజతం తెచ్చింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లోనే బ్రిడ్జి సమాఖ్యను గుర్తించింది, చదరంగానికి గుర్తింపు దక్కిందీ ఆ ఏడాదే. ఇవన్నీ విదేశీ వ్యవహారాలు. మన దగ్గర తీర్పు భాష ఎప్పుడో ఇచ్చేసింది. బల్ల మీద అరవై నాలుగు గళ్లుంటే ఆ పిల్లాడు మేధావి, పత్రికలో ఫొటో, ముఖ్యమంత్రి శాలువా. అదే బల్ల మీద యాభై రెండు ముక్కలుంటే పేకాటరాయుడు. ఆ బిరుదు ఇవ్వడానికి కోర్టు అక్కర్లేదు, పక్కింటి వాళ్లు చాలు. తెలుగులో పేక పట్టినవాడికి ఇంకొక మర్యాదైన పేరు లేదు. పేరు లేని క్రీడాకారుణ్ణి ఏ శాఖ కింద గౌరవించాలో, ఏ కోటాలో సీటివ్వాలో పాపం ప్రభుత్వానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఈ ముఠాకు పోటీగా మచ్చలేని ఆట ఎలా ఉంటుందో చూడాలంటే ఉప్పల్ మెట్రో దిగి ఎటైనా చూడండి, దీపస్తంభాలు కనిపిస్తాయి. అక్కడ అంతా బాహాటం. తెరలు లేవు. నేలను తడిమి, ఆకాశం చూసి, ఇద్దరు కెప్టెన్లు మైదానం నడుమకు నడిచి ఒక రూపాయి బిళ్ల పైకి విసురుతారు. బొమ్మా, బొరుసా? మంచు పడే రాత్రి ఎవరు ముందు బౌలింగ్ చెయ్యాలో, విరిగే పిచ్ మీద ఎవరు చివర బ్యాటింగ్ చెయ్యాలో ఆ బిళ్ల చెబుతుంది. రెండో గదిలో అదే పిచ్ మీద అదే బంతులతో మళ్లీ ఆడించే ఏర్పాటు ఇక్కడ లేదు. ఇదే బిళ్లను ఇదే ఉప్పల్‌లో చెట్టు కింద నలుగురు ఎగరేస్తే చిత్తుబొత్తు అంటారు, కేసు రాస్తారు. స్టేడియంలో ఎగరేస్తే టాస్ అంటారు, జాతీయ గీతం పాడతారు. నైపుణ్యంలో అదృష్టం చుక్క కలిస్తే మొత్తం జూదమయ్యే లెక్క ఒకటి మన దగ్గర ఉంది కదా, దాన్ని ఆ బిళ్ల మీద కూడా ఒకసారి పెట్టి చూడమని అడిగే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు ఉప్పల్ ఇబ్బంది. 2024 అక్టోబర్ 12 రాత్రి ఆ మైదానంలో బంగ్లాదేశ్ మీద భారత్ 20 ఓవర్లలో 297 పరుగులు చేసింది. సంజు శాంసన్ 47 బంతుల్లో 111 కొట్టాడు. కొట్టిన ప్రతి సిక్సరుకూ కెమెరా దగ్గరికెళ్లింది, దగ్గరికెళ్లిన ప్రతిసారీ ఛాతీ మీద డ్రీమ్11 పేరే కనిపించింది. 2017 నుంచి ఈ రాష్ట్రంలో డబ్బు పందెం ఆటలు నడపకూడదని చట్టం. తెలంగాణ వాళ్లు మా డబ్బు పోటీలు ఆడరాదని ఆ సంస్థే తన నిబంధనల్లో రాసుకుంది. ఏ సరుకును ఇక్కడ అమ్మడం నేరమో, దాని పేరు ఇక్కడి పోలీసు బందోబస్తు మధ్య, దేశం చొక్కా మీద, ఇక్కడి పిల్లల కళ్ల ముందు నాలుగు గంటలు ఊరేగింది. ఆ రాత్రి ఒక్కరికీ చట్టం గుర్తుకు రాలేదు. తర్వాతెప్పుడో గుర్తొచ్చి ‘ఇకపై’ అన్నారు. ఇకపై అంటే ఇంతవరకూ జరిగింది సబబే అని. ఆ 358 కోట్లలో ముట్టిందంతా హలాల్ అని.

రమ్మీ యాప్‌లను వెనకేసుకొస్తున్నానని అనుకునేవాళ్లకు ఒక మాట, ఈసారి వ్యంగ్యం లేకుండా. అప్పులపాలై ఉరిపోసుకున్న కొడుకుల ఇళ్లు ఈ రాష్ట్రంలో ఉన్నాయి. 2017లో ఆ చట్టం తేవడం తప్పని నేను అనను. పందెం కాసే యాప్‌ను మూసినందుకు ఎవరూ ఏడవనక్కర్లేదు. నా కోపం చట్టం మీద కాదు, దాని చూపు మీద. అది డబ్బును చూడాల్సిన చోట ముక్కను చూస్తుంది. డబ్బు బ్యాటు పట్టుకుని వస్తే సెల్యూట్ కొడుతుంది. లెక్క కట్టడం, గుర్తుపెట్టుకోవడం, జతగాణ్ణి నమ్మడం, ఓడితే ముక్కల మీద నెపం వెయ్యకుండా ఒప్పుకోవడం, ఇన్ని నేర్పే ఆటను పైసా పణం లేకుండా ఆడి దేశం తరఫున వెళ్లే పిల్లను మనం అనుమానంగా చూస్తాం. పందెం కంపెనీకి ఛాతీ అద్దెకిచ్చిన వాళ్ల ఫొటో మన పిల్లల గదిలో అంటిస్తాం. ఇందులో ఎవరు జూదగాళ్లో తెలియనంత అమాయకులం కాము. తెలిసీ ఊరుకున్నాం, చప్పట్లు కూడా కొట్టాం.

ఈ రాత్రికి నాచారంలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఒక పదిహేనేళ్ల పిల్ల, స్టేడియం బయట ఫుట్‌పాత్ మీద కొన్న ఆ నీలం చొక్కానే తొడుక్కుని, మంచం మీద ముక్కలు నాలుగు వాటాలుగా పంచి, రేపటి చేయి సాధన చేస్తుంటే, కాలింగ్ బెల్ మోగగానే వాళ్లమ్మ దాచమనేది ముక్కల్నే.