ఆ గడిలో పది అంకెలు

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆఫీసు పనిని నేను పనిగా లెక్కించలేదు. క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేశాను, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదైంది, దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. లోపలి గదిలో జరిగేదే వైద్యం, బయటి గదిలోని రిజిస్టరు, ఫారాలు, రసీదులు గుమాస్తా పని అనుకున్నాను. మనుషుల దుఃఖం వినడానికి వచ్చినదాన్ని, కాగితాలు సర్దుకుంటూ కూర్చోవడమేమిటన్న గర్వం ఉండేది. దాన్ని అంకితభావం అని నమ్మాను.

అపాయింట్‌మెంట్లన్నీ నా సొంత వాట్సాప్‌లోనే. నోట్సు రాయడం శనివారానికి వాయిదా. సోమవారం ఏడ్చిన మనిషి మాటలు అప్పటికి బుధవారం వచ్చిన మనిషి మాటలతో కలిసిపోయేవి. ఒకరి తమ్ముడి చావు ఇంకొకరి దగ్గర ఎత్తబోయి, నోటిదాకా వచ్చాక ఆగాను ఒకసారి. అప్పుడైనా కళ్లు తెరవాల్సింది.

ఆ రోజుల్లో వచ్చిన ఒకామె గురించి, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. పెళ్లయి రెండేళ్లు. అత్తగారింట్లో కుట్టు క్లాసుకని చెప్పి నా దగ్గరికి వచ్చేది. మొదటి రోజు ఫారంలో ఫోన్ నంబరు గడి నింపింది. చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేయి ఏ ఫారంలోనైనా అలవాటుగా రాసేది భర్త నంబరే. మా అమ్మ గ్యాస్ కనెక్షన్‌కూ, రేషన్ కార్డుకూ నాన్న నంబరే ఇచ్చేది. అది చూస్తూ పెరిగి కూడా, ఈ నంబరు ఎవరిదని నేను అడగలేదు.

నాలుగుసార్లు ఆమే తర్వాతి టైమ్ రాసుకుని వెళ్లింది. అయిదోసారికి, జనం మర్చిపోతున్నారని అందరికీ ముందు రోజు మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిదింటికి వరసగా పంపుతూ ఆ నంబరుకూ పంపాను. ‘రేపు 11 గంటలకు మీ కౌన్సెలింగ్, మర్చిపోకండి.’

మర్నాడు ఆమె రాలేదు. మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ చేసింది.

“మేడమ్, మెసేజ్ మీరే పెట్టారా?”

అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “సరే మేడమ్” అని పెట్టేసింది. ఒక్క మాట అనలేదు నన్ను. మళ్లీ రాలేదు. ఎలా ఉందో కనుక్కుందామంటే నా దగ్గర ఉన్నవి రెండే నంబర్లు. ఒకటి ఆయనది, రెండోది ఎవరిదో.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ చికిత్స వివరాలు గోప్యంగా ఉండే హక్కు ఇస్తుంది. ఆ సెక్షన్ మీద విద్యార్థులకు క్లాసు చెప్పినదాన్ని నేను. గోప్యత అంటే తలుపు మూసి మాట్లాడటం, ఒకరి కథ ఇంకొకరికి చెప్పకపోవడం అనుకున్నాను. అది ఆ ఫారంలోని చిన్న గడిలో మొదలవుతుందని నాకు తట్టలేదు. అదే చట్టం 25వ సెక్షన్ తమ వైద్య రికార్డులు చూసుకునే హక్కూ ఇచ్చింది. ఆమె వచ్చి అడిగి ఉంటే నేను చూపించగలిగినది సగం సగం రాసిన మూడు పేజీలు.

ఆ నెలలోనే ప్రాక్టీసుకు వేరే ఫోన్ కొన్నాను. ప్రతి సెషన్ తర్వాత పది నిమిషాలు నోట్సుకే ఉంచాను. దానివల్ల రోజుకు ఒకరిని తక్కువగా చూస్తున్నాను. ఆ మేరకు రాబడి తగ్గింది, తగ్గనీ. ఇప్పుడు మెసేజ్‌లో కౌన్సెలింగ్ అన్న మాటా ఉండదు, నా పేరూ ఉండదు. బయటి గదిలో కూర్చునే ఆవిడ ముందుగా అడిగేది ఒకటే: “ఏ నంబరుకు చెప్పమంటారు? ఆ ఫోన్ ఇంట్లో ఇంకెవరైనా చూస్తారా?” చాలామంది జవాబు చెప్పడానికి టైమ్ తీసుకుంటారు. ఆ టైమ్ ఇవ్వమని ఆవిడకు చెప్పాను.

ఈ మధ్య వచ్చిన ఒక కుర్రాడు, “నాన్న చూస్తారండీ, మెసేజ్ వద్దు. బుధవారం పొద్దున నేనే కాలేజీ నుంచి చేస్తాను” అన్నాడు. అతని పేరు పక్కన ఎర్ర సిరాతో ‘పంపకూడదు’ అని రాశాం.

ఆమె ఫారం బీరువాలోనే ఉంది. ఆ గడిలో పది అంకెలు, పక్కన ఏమీ లేదు.