సమురాయ్ కథలో దొరగారి వాటా

హాలీవుడ్‌వాళ్లు జపాన్ కథ ఎత్తుకుంటే ఒక నియమం తప్పరు: కత్తి ఎవరిదైనా, పట్టే చెయ్యి కాస్తయినా తెల్లగా ఉండాలి. 2003లో ‘ది లాస్ట్ సమురాయ్’కి టామ్ క్రూజ్ నిండుగా తెలుపు. 2013 నాటి ‘47 రోనిన్’కి కియానూ రీవ్స్ పోషించిన కై సగం ఇంగ్లిష్‌వాడు. లండన్ పక్కన షెపర్టన్‌లో సెట్లేశారు కదా, లోకల్ కోటా కాబోలు!

యజమాని చావుకు పగ తీర్చుకున్న 47 మంది రోనిన్‌ల (యజమాని లేని సమురాయ్‌ల) అసలు సంఘటన 1701-03 నాటిది. హిరాడోలోని వర్తక స్థావరాన్ని ఇంగ్లిష్‌వాళ్లు 1623లోనే మూసేసి పోయారు. 1673లో మళ్లీ ఓడ పంపితే, మీ రాజు పోర్చుగీసు పిల్లను చేసుకున్నాడుగా అని నాగసాకి నుంచే సాగనంపారు. మరి ఈ కై నాన్న ఏ రేవులో దిగాడో! పల్నాటి యుద్ధం తీస్తూ బాలచంద్రుడికి బ్రిస్టల్‌లో మేనమామను తగిలించినట్టుంది.

సినిమాలో డ్రాగన్‌ని పెట్టినందుకు నాకు కోపం లేదు. అల్లూరి చేత, కొమురం భీం చేత ‘నాటు నాటు’ ఆడించిన మనం చరిత్ర పాఠం చెబితే నవ్విపోతారు. కోపమంతా తీసిపారేసిన దాని గురించి. యజమాని అసానో చచ్చాక రోనిన్‌ల నాయకుడు ఒయిషి క్యోటో చేరి, గూఢచారుల కళ్లుగప్పడానికి తాగుబోతు వేషం కట్టాడు. వీధిలో పడి ఉంటే సత్సుమావాడొకడు తన్ని, మొహాన ఉమ్మేశాడట. అయినా కిక్కురుమనలేదట. ఇంతకన్నా మంచి సీను ఏ రచయితకు దొరుకుతుంది? సినిమాలో మాత్రం ఆయన్ని గోతిలో పడేశారు, ఏడాది గడిచిపోయింది! మిగతా నిడివి నక్కగా మారే మంత్రగత్తె ఖాతాలోకి పోయింది. పోస్టర్ మీద ఒళ్లంతా అస్థిపంజరం పచ్చబొట్టుతో ఒకాయన ఉంటాడు. సినిమాలో రెప్పవేస్తే కనబడడు.

మెచ్చుకోవాల్సిందీ ఉంది. పెనీ రోజ్ కుట్టించిన దుస్తులు కనులపండుగ. ఒయిషిగా హిరోయుకి సనడా ఊరికే నిలబడితేనే పక్కనున్న గ్రాఫిక్స్ వెలవెలబోయాయి.

ఇంగ్లిష్ సమురాయే కావాలంటే కల్పించనక్కర్లేదు. కెంట్‌లోని గిల్లింగామ్‌లో పుట్టిన విలియం ఆడమ్స్ 1600లో జపాన్ చేరి, తొకుగావా ఇయెయాసు కొలువులో భూమీ హోదా పొందాడు. ఆయన జీవితం ఆధారంగా అల్లిన కథే ‘షోగన్’. 2024 సిరీస్‌లో సంభాషణలు చాలామటుకు జపనీస్‌లోనే. సనడా అందులో నటుడూ నిర్మాతా కూడా; ఎమ్మీ గెలిచాడు. ‘47 రోనిన్’కి పెట్టాలనుకున్న రెండు గంటలూ దానికి పెట్టండి.