సూపర్ బ్రో!

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. క్యాటియా, ఎన్‌ఎక్స్, క్రియో, సాలిడ్‌వర్క్స్ అంటూ క్యాడ్ కోర్సుల ఫ్లెక్సీలు తల మీద వేలాడుతుంటాయి. మండలం రోజులు దీక్ష పట్టినా శబరిమలలో దర్శనానికి క్యూ కట్టాలి గానీ, ఇక్కడ సర్టిఫికెట్ దర్శనానికి ఆ బెంగ కూడా లేదు. ఫీజు కట్టిన రోజే పేరు స్పెల్లింగ్ రాసుకుంటారు.

ఈ కోర్సు దీక్షలో సర్ఫేస్ మోడలింగ్ అంటే ఏమిటయ్యా అంటే, కంప్యూటర్ మౌస్. పోయిన బ్యాచ్ చేసిందీ అదే మౌస్, రాబోయే బ్యాచ్ చేయబోయేదీ అదే మౌస్. సార్ ఎక్కడ క్లిక్ చేస్తే శిష్యులూ అక్కడే క్లిక్ చేస్తారు. సార్ లాఫ్ట్ అంటే లాఫ్ట్, ట్రిమ్ అంటే ట్రిమ్. "ఈ గీతకి ఏడు పాయింట్లు ఎందుకు పెట్టావు నాయనా, నాలుగు చాలవా?" అని అడిగితే, "సార్ అలాగే పెట్టారండీ" అని జవాబు. కొండను తవ్వి ఎలుకను పట్టారని అంటారే, అది అచ్చంగా ఈ కోర్సు గురించే.

ఈ బోనులోంచి బయటపడదామని ఓ మంచి కుర్రాడు ఒక మాట అంటాడు. "మనలో మనం సరదాగా పోటీ పెట్టుకుందాం. వారానికో వస్తువు. ఎవరి సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళు చేద్దాం. ఆదివారం రాత్రి ఒకరిది ఒకరం చూద్దాం. బహుమతులేం వద్దు." ఇంత మంచి ఆలోచన ఇంజనీరింగ్ బుర్రల్లోంచి ఈ మధ్యకాలంలో రాలేదు. మరి దాన్ని మనం ఊరికే వదిలేస్తామా?

ఆదివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో బొమ్మలు పడతాయి. వస్తువు షాంపూ సీసా. మోడల్ ఒక్కడూ చూపించడు. అందరూ పెట్టేది రెండర్, అంటే మోడల్‌ని ఫొటోలా సింగారించిన బొమ్మ. చెక్క బల్ల, పక్కన కాఫీ కప్పు, కిటికీలోంచి ఏటవాలు ఎండ, వెనక మసకమసగ్గా ఓ మనీప్లాంటు. వీటి మధ్య సీసా తళతళా మెరుస్తుంటుంది. వారమంతా పడ్డ కష్టంలో సగానికి పైగా ఆ ఎండకే పోయింది. ఇక మొదలు. "సూపర్ బ్రో." "నెక్స్ట్ లెవెల్ బ్రో." "కుమ్మేశావ్ మామా." మూడు మంటలు, రెండు దండాలు, ఒక కిరీటం. సీసా ఆసామి "థాంక్యూ బ్రో, నీది కూడా కేక" అంటాడు. పెళ్ళిలో చదివింపుల్లాగా, ఎవరెంత చదివించారో గుర్తుపెట్టుకుని అంతే తిరిగి చదివిస్తారు.

అప్పుడు మర్యాద తెలియనివాడెవడో అడుగుతాడు: "జీబ్రా పెట్టు."

గ్రూపులో ఉలుకూ పలుకూ ఉండదు.

జీబ్రా అంటే కంప్యూటర్ వేసే నలుపు తెలుపు చారలు. సర్ఫేస్ నున్నటి అద్దమైతే దాని మీద చారల ప్రతిబింబం ఎలా పడుతుందో చూపిస్తుంది. రెండు ముక్కలు కలిసేచోట చార తెగి పక్కకి జరిగిందంటే, అవి ఒకదాన్నొకటి ముట్టుకున్నాయంతే, అది జీ0. చార కలిసినా అతుకు దగ్గరే చటుక్కున మలుపు తిరిగిందంటే దిశ కలిసింది, వంపు కలవలేదు, అది జీ1. అతుకు ఉందన్న సంగతే పట్టనట్టు చార సాఫీగా సాగిపోతే వంపు కూడా కలిసినట్టు, అది జీ2. కార్ల కంపెనీలు బాడీని వరసగా వెలిగే ట్యూబ్‌లైట్ల కింద నిలబెట్టి చూసేదీ ఇందుకే. షోరూమ్‌లో తలుపు మీద పడ్డ లైటు వంకర పోతే మొహం చిట్లించడానికి కొనేవాడికి జీ1, జీ2 తెలియనక్కర్లేదు. రెండర్‌కి ఈ బాధ లేదు. వెలుగు ఎక్కడ పడాలో, నీడలో ఏది దాగాలో చేసినవాడే నిర్ణయిస్తాడు. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకి ఇంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తోడవుతుందని పెద్దలు ఊహించి ఉండరు.

ఇంకో ఆదివారం గరిటె ఇవ్వండి. గరిటె అంటే అందరికీ లోకువే. గుంట రివాల్వ్ కొడితే వచ్చేస్తుంది. కాడ స్వీప్ కొడితే వచ్చేస్తుంది. గుంట కాడగా మారే మెడ దగ్గర అందరి చదువూ బయటపడుతుంది. అక్కడ గుండ్రటిది పలచగా సాగాలి, ఒకేసారి రెండు వైపులా వంగాలి. మొదటి వీరుడు అతుకుని గుండ్రం చేసే ఫిల్లెట్ కొడతాడు. అయిదు మిల్లీమీటర్లు: ఎర్రర్. మూడు: ఎర్రర్. రెండున్నర: పడింది! రెండున్నరే ఎందుకయ్యా అంటే, పడింది కాబట్టి. మామూలు ఫిల్లెట్ ఇచ్చేది జీ1 మాత్రమే. దాని రెండంచుల దగ్గరా చారలు విరిగి కూర్చుంటాయి. రెండో వీరుడు మూడు భుజాల ముక్క అతికిస్తాడు. గీతలన్నీ ఒకే మూలలోకి కుక్కుకుని అక్కడ సర్ఫేస్ ముడత పడుతుంది. మూడో వీరుడు ఎలాగో అన్నీ అతికించి మందం ఇవ్వబోతాడు. థికెన్ కమాండ్ మొరాయిస్తుంది. వంపు వ్యాసార్థం ఒక మిల్లీమీటరు, లోపలికి ఇవ్వబోయిన మందం రెండు. లోపలి పొర తనను తానే కోసుకుంటుంది. మనవాడికి మాత్రం అందులో సాఫ్ట్‌వేర్ బగ్ కనిపిస్తుంది.

పని తెలిసినవాడు ఆ మెడని కోసి పారేస్తాడు. తక్కువ పాయింట్లతో నాలుగు గీతలు గీసి, గీత వంపుని దువ్వెన పళ్ళలా చూపించే కర్వేచర్ కోంబ్‌లో ఆ పళ్ళు మెల్లగా లేచి మెల్లగా దిగేదాకా సరిచేసి, అప్పుడు నాలుగు భుజాల సర్ఫేస్ పరుస్తాడు. అతని బొమ్మలో మనీప్లాంటు ఉండదు. అందుకని ఒక్క మంట కూడా పడదు.

ఈ వంపుల లెక్క పుట్టిందే కార్ల కంపెనీల్లో. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లోనే దారి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని గుట్టుగా దాచేసుకుంది. రెనోలో పియరీ బెజియే 1960ల్లో విడిగా అదే చోటికి చేరాడు, వ్యాసాలు రాసి నలుగురికీ చూపించాడు. లోకం ఆ వంపుల్ని పిలిచేది బెజియే పేరుతోనే. 1975లో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ బెజియే ముక్కలతో ఒక టీపాట్ చేసి, అంకెలతో సహా అందరికీ ఇచ్చేశాడు. దానికి అడుగే లేదు. అయినా దాచుకోలేదు. అడుగు తర్వాత ఇంకొకరు వేశారు, కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో దశాబ్దాలుగా ఆ టీపాట్ మీదే ప్రయోగాలు నడిచాయి. మన కుర్రాడు మాత్రం గరిటె స్క్రీన్‌షాట్ మీద కూడా వాటర్‌మార్క్ వేస్తాడు, ఎవరైనా కొట్టేస్తారని.

ఇక ఈ సరదా పోటీ కాలేజీ చేతిలో పడిందా, దాని పేరు "నేషనల్ లెవెల్ క్యాడ్ ఛాలెంజ్". ఎంట్రీ ఫీజు, జ్యోతి ప్రజ్వలన, శాలువా, మెమెంటో. ముఖ్య అతిథి తాను మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడిన రోజులు వర్ణించేసరికి భోజనాల వేళవుతుంది. ఫైళ్ళు ఎవరూ తెరవరు. ప్రొజెక్టర్ మీద రెండర్లు గబగబా తిప్పి, చప్పట్లు ఎక్కువ పడ్డదానికి మొదటి బహుమతి ఇస్తారు. రానివాళ్ళకి కూడా పార్టిసిపేషన్ సర్టిఫికెట్. ఆ దొంతర పట్టుకుని కుర్రాడు ఇంటర్వ్యూకి వెళ్తే, ఎదుటాయన బంపర్ మూల ఒకటి తెరిచి "ఇక్కడ చార ఎందుకు విరిగింది? సరిచెయ్యి" అంటాడు. ఆ గదిలో మంటలు పెట్టేవాళ్ళుండరు.

అసలు ఒకరి తెలివికి ఒకరు అడ్డం పడి ఆనందించడం మనకేమైనా కొత్తా? అష్టావధానం మనదే. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని నోట్లోంచి రాబోయే అక్షరాన్ని గుమ్మంలోనే ఆపేస్తాడు. అవధాని అలిగి వేదిక దిగిపోడు, ఇంకో అక్షరంతో దాటేస్తాడు. దాటినందుకే సభ చప్పట్లు కొడుతుంది. ఆ పద్ధతే ఇక్కడా పెట్టండి. సమస్య: గరిటె మెడ. దత్తపది: ముక్కలు నాలుగే వాడాలి. నిషిద్ధం: ఫిల్లెట్. ఒకే గరిటెని అయిదుగురు అయిదు దారుల్లో చేసి, పక్కవాడు ముక్కల్ని ఎక్కడ విడగొట్టాడో చూసినప్పుడు తెలిసేది ఏ కోర్సూ చెప్పని పాఠం. అప్రస్తుత ప్రసంగానికి మనుషుల్ని వెతకనే అక్కర్లేదు. "బ్రో, క్రాక్ లింకుందా?", "బ్రో, దీనికి ప్యాకేజీ ఎంతిస్తారు?" అనేవాళ్ళు ప్రతి గ్రూపులోనూ తయారుగా ఉన్నారు.

క్రాక్ అవసరం కూడా లేదు. ఫ్రీక్యాడ్ ఉచితం. కర్వ్స్ అనే యాడాన్ వేసుకుంటే అందులో కోంబూ వస్తుంది, జీబ్రా చారలూ వస్తాయి. లైసెన్సు లేదన్న సాకు కూడా పోయింది.

కాబట్టి బ్రోలారా, వచ్చే ఆదివారం నుంచి ముందు జీబ్రా పెట్టండి, తర్వాత ఫైలు, ఇంకా ఓపికుంటే రెండర్. చూసిన ప్రతివాళ్ళూ ఒక తప్పు చెప్పి తీరాలి, అదెక్కడుందో వేలు పెట్టి చూపించాలి. చెప్పించుకున్నవాళ్ళు "అది డిజైన్ ఇంటెంట్ బ్రో" అని బుకాయించకుండా సరిచేసి మళ్ళీ పెట్టాలి. "సూపర్ బ్రో" అన్నవాణ్ణి వారం పాటు గ్రూపులోంచి తీసేయండి. మెచ్చుకోవడానికి ఇంట్లో అమ్మ ఉంది, ఆ పని ఆవిడకి వదిలేయండి. స్నేహితుడు ఉన్నది తప్పు పట్టడానికి.