శివుడైనా పరుగెత్తాడు

పిల్లల కథల్లో భస్మాసురుడంత పనికొచ్చేవాడు పెద్దవాళ్లకు మరొకడు దొరకడు. ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్లు బూడిదవ్వాలని వరం కోరాడు. ఇచ్చిన శివుడి మీదే పరీక్షించబోయాడు. మోహిని ఆడించినట్టల్లా ఆడి, తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకున్నాడు. కథ కంచికి. "చూశావా నాన్నా, చెడ్డవాడికి వాడి వరమే శాపం. నువ్వేం చెయ్యక్కర్లేదు, పడుకో."

చెప్పినవాళ్లకు హాయిగా నిద్ర పడుతుంది. విన్నవాడు మాత్రం పొద్దున్నే బడికి వెళ్లాలి. అక్కడ వెనక బెంచీలో ఓ చిరంజీవి ఉన్నాడు. ఇంటర్వెల్లోనే వీడి క్యారియర్ మూత తీసి, ఉడికించిన గుడ్డు తను మింగి, చెయ్యి వీడి చొక్కాకే తుడుస్తాడు. "అన్నా" అని మూడుసార్లు పిలిస్తేగాని ఖాళీ గిన్నె చేతికి రాదు.

అసలు రాక్షసుడంటే నాకు జాలి. భాగవతం దశమ స్కంధంలో ఆయన పేరు వృకాసురుడు. కేదారంలో తన ఒంటి మాంసం కోసి హోమం చేశాడు. ఏడో రోజున తల నరుక్కోబోతేగాని శివుడు ప్రత్యక్షం కాలేదు. మన చిరంజీవికి ఆ అవస్థ ఏదీ? వాళ్ల నాన్న బడికి మంచినీళ్ల ప్లాంటు పెట్టించాడు. శిలాఫలకం మీద తండ్రి పేరు చెక్కిన రోజే కొడుక్కి వరం ముట్టింది.

పైగా కథలో శివుడు పరుగెత్తాడు. కొంప మునిగిందని తెలియగానే, పరువు చూసుకోకుండా, వైకుంఠం దాకా. మన ప్రిన్సిపాల్ గారు కుర్చీ కూడా కదపరు. "పిల్లలన్నాక సరదాకి ఏదో అనుకుంటారమ్మా. మీవాడే కాస్త సున్నితం. కావాలంటే సెక్షన్ మార్పిస్తా." ఎవరి సెక్షన్? గుడ్డు పోయినవాడిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఏడిపించి అవమానించినా జైలో, జరిమానానో, రెండూనో. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని సంస్థ పెద్ద కూడా నేరానికి సాయపడినట్టే లెక్క. ఆ కాగితం నోటీసు బోర్డులో అద్దం వెనక భద్రంగా ఉంది. అద్దానికి తాళం కూడా ఉంది.

ఇంకో ముక్క. భాగవతంలో మోహిని లేదు. విష్ణువు చిన్న వటువై వచ్చి, "ఆ శివుడి మాట నమ్ముతావా? ముందు నీ నెత్తిన పెట్టి చూసుకో" అని రాక్షసుణ్ణి బుట్టలో వేస్తాడు. పెద్దవాళ్లకు ఈ పద్ధతి తెగ నచ్చినట్టుంది. కాకపోతే ఆ వటువు విష్ణుమూర్తి అన్న సంగతి వదిలేసి, ఆరో తరగతి కుర్రాణ్ణి "నువ్వే తెలివిగా మేనేజ్ చేసుకో" అని పంపిస్తున్నారు.

అలాంటి బడిలో వార్షికోత్సవానికి భస్మాసుర నాటకం వెయ్యరా మరి? వేశారు. వేషం చిరంజీవిదే. ముఖ్య అతిథి వాళ్ల నాన్న. ఆయన కళ్లముందు ఆయన కొడుకు బూడిదైతే ఏం బాగుంటుందని చివరి సీను మార్చారు. భస్మాసురుడు మోహినిని క్షమించి, ఆమె నెత్తిన చెయ్యి పెట్టి దీవించాడు. ఉత్తమ నటుడి కప్పు తండ్రే అందించాడు. మోహిని వేసిన కుర్రాడు తెర లాగడానికి వెళ్లాడు.