‘ఏమో’ తరఫు వకాలత్

మీర్‌పేట్ ఇళ్ల పట్టిక ఒకటి ఊహించుకోండి. ఒక గడిలో ఇంటి నంబరు, పక్క గడిలో వార్డు. మొన్ననే స్లాబు పడిన రెండిళ్లకు నంబర్లు ఇంకా తెలియవు కాబట్టి ఆ గడులు నల్. సున్నా కాదు, నల్. “ఈ రెండిటి నంబరూ ఒకటేనా?” అని డేటాబేస్‌ని అడిగితే అవుననదు, కాదనదు, ఏమో అంటుంది. దీన్ని చూసి నవ్వేవాళ్లే ఎక్కువ, నేను మాత్రం దాని తరఫు వకీలుని. దిల్‌సుఖ్‌నగర్ ఎండలో కళ్లు తప్ప మొహమంతా స్కార్ఫు చుట్టుకుని ఇద్దరు బండ్ల మీద పోతుంటే, మొహాలు కనబడలేదు గనక ఇద్దరూ ఒక్కరే అంటామా? ఒకే ఇంటిని చూపించి “దీని నంబరు దీని నంబరేనా?” అన్నా ఏమో అనడం మాత్రం అతే. ఏం చేస్తాం, అది ముసుగునే చూస్తుంది, మనిషిని కాదు. 1970లో డేటాబేస్‌లకు రిలేషనల్ పద్ధతి చెప్పిన కాడ్, 1979 వ్యాసంలో ఈ మూడో జవాబుకు పీట వేశాడు. మనకైతే ‘ఏమో’ తాతల నాటి ఆస్తి.

చిక్కంతా, అడిగిన వరసలనే వడపోసే ‘వేర్’ గుమ్మం దగ్గర. అక్కడ అవునన్నవాళ్లకే ప్రవేశం. అయిదో వార్డు ఇళ్లు తియ్యమంటే వార్డు తెలియని ఇల్లు రాదు, సరే. అయిదో వార్డు కానివి తియ్యమన్నా రాదు! రెండు జాబితాలూ కలిపినా ఊరు పూర్తికాదు. ఆ ఇల్లు కావాలంటే ‘ఈజ్ నల్’ అని పేరు పెట్టి పిలవాల్సిందే. పన్ను కట్టిన నంబర్ల జాబితాలో లేని ఇళ్లను ‘నాట్ ఇన్’తో అడిగి చూడండి. ఆ జాబితాలో ఒక్క నల్ దూరితే చాలు, ఊళ్లో బకాయిదారే ఉండడు. ఆ ఖాళీ ఎవరి నంబరైనా కావచ్చు కదా!

“మరి ఒకేలాంటివాటిని కుప్పలు వేసే ‘గ్రూప్ బై’లో నల్‌లన్నీ ఒకే కుప్పలో ఎందుకు పడతాయి?” అని ఎదుటి పక్షం. చిరునామా దొరకని ఉత్తరాలను పోస్టాఫీసులో ఒకే కట్ట కడితే అవన్నీ ఒకే ఇంటివి అవుతాయా? ఆ వాదన అక్కడితో సరి. కానీ ‘చెక్’ నిబంధన ఉందే, వార్డు సున్నా కంటే ఎక్కువుండాలని రాసిపెట్టినా, వార్డు నల్ అయితే లోపలికి రానిస్తుంది. ఒక గుమ్మంలో ఏమో అంటే పొమ్మనీ, ఇంకో గుమ్మంలో అదే ఏమోకి రమ్మనీ! ఈ వాయిదాకి నా దగ్గర జవాబు లేదు. ఫైల్లో ఆ గడిని నల్ అనే రాసుకోండి.